ముళ్ళు లేని జెముడు

ఎడారి మొక్క యనగానే ముళ్ళు జ్ఞప్తికి వచ్చుట లోకసహజము. చేను గట్లపై కంచెగా పెరిగిన నాగజెముడును చూచినవారు, ఆ జాతిలోని మొక్కలన్నియు పశువులను, మనుష్యులను గాయపరచుటకే పుట్టినవని తలంతురు. కాని ఆ జాతిలోనే ముల్లన్నది లేని చిన్న మొక్క యొకటి కలదు. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాస్ రాష్ట్రపు దక్షిణపు కొసను, దాని కావలనున్న మెక్సికో దేశపు తమౌలీపాస్, న్వేవో లియోన్ రాష్ట్రములలోను, వాన తక్కువగా కురియు మెట్టభూములలో పెరుగును. ఆంగ్లమున దానిని 'స్టార్ కాక్టస్' అందురు. తెలుగున నక్షత్రజెముడు అనవచ్చును.

నేలపై బోర్లించిన చిన్న మూకుడువలె నుండుట దాని మొదటి లక్షణము. పూర్తిగా పెరిగిన మొక్క అడ్డుకొలత సాధారణముగా 5 మొదలు 15 సెంటీమీటర్లవరకు ఉండును. ఎత్తు మిక్కిలి తక్కువ. నడినెత్తినుండి అంచులవరకు సన్నని చాళ్ళు సాగి, మొక్కను సామాన్యముగా ఎనిమిది గట్లుగా విభజించును. ప్రతి గట్టు నడుమను దూదిపింజలవంటి తెల్లని చుక్కలు ఒకే వరుసలో అమరియుండును. ఇతర జెముళ్ళలో ముళ్ళు పుట్టు చోట్లివియే. ఈ మొక్కలో వాటినుండి నూగు మాత్రమే పుట్టును. ఈ వరుసలు గాక, ఒళ్ళంతయు ముగ్గుపిండి చల్లినట్లు సన్నని తెల్లని మచ్చలు వ్యాపించియుండును. వసంతకాలమున నెత్తిమీద పసుపుపచ్చని పూవు విచ్చుకొనును. దాని గర్భము నారింజతో కలిసిన ఎరుపు.

ఈ మొక్కకు 1845లో జుక్కారిని యను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు శాస్త్రీయ నామమును, వర్ణనమును ప్రకటించెను. ఆయన దానిని వేరొక ప్రజాతిలో చేర్చెను. తరువాత 1868లో లెమేర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని 'ఆస్ట్రోఫైటమ్' అను ప్రజాతికి మార్చెను. గ్రీకు భాషలో 'ఆస్ట్రోన్' అనగా నక్షత్రము, 'ఫైటోన్' అనగా మొక్క. 'ఆస్టీరియాస్' అను రెండవ పదమును నక్షత్రమును సూచించునదే. ఈ విధముగా రెండు పదములలోను నక్షత్రమే నిలిచిన పేరు 'ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్' అయినది. జపాను దేశమునందలి తోటకాపరులు దానిని 'కబుటో' అందురు. ఆ మాటకు శిరస్త్రాణమని అర్థము. ఒకే మొక్కను ఒక దేశమువారు నక్షత్రముగాను, వేరొక దేశమువారు యోధుని తలపై కవచముగాను చూచుట గమనింపదగినది.

ఆ మెట్టభూములలో బ్రతుకుట సులభము కాదు. వాన ఎప్పుడు వచ్చునో చెప్పజాలము. వచ్చినను తడి త్వరలోనే ఆరిపోవును. అట్టిచోట ఆకులు విస్తరించు మొక్కలు నీటిని నిలుపుకొనలేవు. కావున జెముడుజాతి మొక్కలు చాలవరకు ఆకులను విడనాడి, ఆకు చేయవలసిన పనిని కాండమునకే అప్పగించినవి. పచ్చని కాండమే సూర్యరశ్మి సహాయమున ఆహారమును తయారుచేయును. కాండమే నీటిని దాచును. సాధారణముగా మొక్కలు పగటివేళ తమ ఒంటినున్న సూక్ష్మరంధ్రములను తెరచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించును. జెముళ్ళు పగలు ఆ ద్వారములను మూసికొని, చల్లని రాత్రివేళ తెరచి, వాయువును లోన నిలువచేసికొనును. తెల్లవారిన పిదప ఆ నిలువతో వంట సాగించును. ఇట్లు చేయుటచే వాటి ఒంటి తడి ఎండకు హరించిపోదు.

నక్షత్రజెముడు ఇంకొక ఉపాయమును నేర్చినది. తీవ్రమైన ఎండలు కాచినప్పుడు అది ఒంటినీరు తగ్గి ముడుచుకొని, నేలమట్టమునకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె లోతునకు దిగిపోవును. పైన దుమ్ము కప్పుకొనును. దానిని వెదకుచు వచ్చినవాడు పక్కనే నిలుచుండియు చూడలేడు. వాన కురిసిన పిమ్మట నీరు త్రాగి ఉబ్బి మరల నేలపైకి వచ్చును. చిన్నచిన్న ముండ్లపొదల నీడను ఆశ్రయించి పెరుగుటయు దానికి అలవాటు. ముళ్ళు లేని మొక్కకు దాగియుండుటయే రక్షణము.

పశువుల కంటికి దొరకకుండ దాగిన ఈ మొక్క మనుష్యుని కంటికి దొరకినది. అందు మొదటి కీడు గుర్తుపట్టలేకపోవుటవలన కలిగినది. అదే నేలలో, అవే పొదల నీడలో, 'పెయోటీ' అను మరియొక ముళ్ళులేని జెముడు పెరుగును. అమెరికా ఆదివాసులలో ఒక మతసంస్థవారు తమ ఆరాధనలలో దానిని ఉపయోగింతురు. టెక్సాసులో అనుమతి పొందిన వర్తకులు వారికొరకు దానిని సేకరింతురు. పెయోటీ కూడ చిన్నది, గుండ్రనిది, నేలనంటి పెరుగునది. సేకరించువాడు తొందరలో నున్నప్పుడు పెయోటీతోపాటు నక్షత్రజెముడును కూడ కోసివేయుట సంభవించుచున్నదని ఆ దేశపు వన్యజీవి శాఖవారే గుర్తించిరి. తెగిన పిదప అది పెయోటీవలె ఉపయోగపడదు, తిరిగి నేలలో చేరదు. ఎవ్వరికిని లాభము లేక ఒక మొక్క నశించును.

ఈ రెండింటికిని గల భేదము నేర్చినవానికి కష్టమైనది కాదు. పెయోటీ నీలిఛాయ గల ఆకుపచ్చవన్నెతో నుండును. దాని ఒంటిపై తెల్లని మచ్చలుండవు. నక్షత్రజెముడు ఒంటిపై మచ్చలుండును. చాళ్ళు తిన్నగా, స్పష్టముగా ఉండును. టెక్సాసులోని పెయోటీ పూవు లేత గులాబివన్నె. నక్షత్రజెముడు పూవు పసుపుపచ్చ. ఇన్ని గుర్తులున్నను పొరపాటు జరుగుచున్నదనిన, అది మొక్కల పోలికవలన కలిగినదికాదు, చూపులోని అశ్రద్ధవలన కలిగినది.

గుర్తుపట్టుట యను విద్య తెలుగునాటికిని అవసరమే. తెలుగువారు నాగజెముడు, బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అని అన్నింటికిని ఒకే మాటను తగిలించిరి. కాని వీటిలో నాగజెముడు మాత్రమే కాక్టస్ కుటుంబమునకు చెందినది. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు ఆముదపు చెట్టు ఉన్న కుటుంబమునకు చెందినవి. వాటిని గిల్లినచో తెల్లని పాలు కారును. ఆ పాలు కంటికి తగిలినచో హాని కలిగించును. నాగజెముడును కోసినచో జిగురునీరు వచ్చునేగాని పాలు రావు. అయినను పాలను మాత్రమే నమ్మి తీర్పు చెప్పరాదు. నిజమైన కాక్టస్ మొక్కలలోను కొన్నింటికి పాలు కలవు. తప్పని గుర్తు వేరొకటి కలదు. నిజమైన కాక్టస్ ఒంటిపై ముళ్ళు, నూగు, కొమ్మలు, పూలు పుట్టుటకు ప్రత్యేకమైన చిన్న దిండ్లవంటి స్థానములుండును. ఈ దిండ్లు కాక్టస్ కుటుంబమున తప్ప వేరొక కుటుంబమున లేవు. ముల్లును చూడక, ముల్లు పుట్టిన చోటును చూచువాడే ఈ జాతిని గుర్తెరుగును. ముళ్ళు లేని నక్షత్రజెముడు కాక్టస్ అని చెప్పుటకును ఆ తెల్లని దిండ్ల వరుసయే సాక్ష్యము.

కాక్టస్ కుటుంబమంతయు అమెరికా ఖండములకు చెందినది. చెట్లపై వ్రేలాడుచు పెరుగు ఒకే ఒక జాతి మాత్రము ఆఫ్రికాలోను, సింహళములోను సహజముగా కనబడును. నాగజెముడు భారతదేశమునకు పరదేశి. ఇప్పుడు తెలుగునాట కొందరు రైతులు పెంచుచున్న డ్రాగన్ ఫ్రూట్ కూడ ఆ కుటుంబములోనిదే. నర్సరీలలో ఎఱ్ఱని బంతివంటి తలతో అమ్ముడుపోవు చిన్న మొక్క నిజమునకు రెండు మొక్కల అంటు. పత్రహరితము లేని పై భాగము తన ఆహారమును తాను తయారుచేసికొనలేదు. క్రింది పచ్చని కాండమే దానిని పోషించును. ఈ సంగతి తెలియనివాడు ఎఱ్ఱని తలను చూచి మురిసి, క్రింది కాండమును నిర్లక్ష్యముచేసి, రెండింటిని పోగొట్టుకొనును.

గుర్తుపట్టకుండ జీవులను తరలించినచో ఏమగునో భారతదేశ చరిత్రయే చెప్పుచున్నది. మెక్సికోలో జెముళ్ళపై పెరుగు ఒకవిధమైన పురుగునుండి విలువైన ఎఱ్ఱరంగు లభించెడిది. దానిపై స్పెయిను దేశమువారికి గుత్తాధికారము ఉండెడిది. తూర్పు ఇండియా వర్తకసంఘమువారు ఆ లాభమును కోరి, జెముళ్ళను భారతదేశమున పెంపజేయ యత్నించిరి. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు 18వ శతాబ్దము చివర అందులకై తోటను వేసెను. 1795లో బ్రెజిలునుండి పురుగులు భారతదేశమునకు చేరెను. కాని అవి కోరిన పురుగులు కావు. వాటిని పోలిన వేరొక జాతివి. వాటినుండి వచ్చిన రంగు నాసిరకమైనది, వ్యాపారము ఫలింపలేదు. మొక్కలు మాత్రము దేశమున నిలిచినవి. వానిలో ఒక జాతిని ఈ పురుగు తినివేసినది. వేరొక జాతి నాగజెముడు దాని నోటికి లొంగక దక్షిణదేశమున పొలములను, బీళ్ళను ఆక్రమించినది. తుదకు 1926లో ఆ జాతిని తిను మరియొక పురుగును సింహళమునుండి తెప్పించి వదలిన పిమ్మటనే దాని ఉధృతి అణగినది. ఒక పురుగును సరిగా గుర్తింపనందున లాభము పోయినది. ఒక మొక్క స్వభావమును తెలిసికొననందున రైతు నేల పోయినది.

కావున అరుదైన మొక్కను పెంచగోరువారు మొదట దానిని గుర్తెరుగవలెను. పిదప విత్తనమునుండి పెంచవలెను. ఎడారినుండి పెరికి తెచ్చినదానిని ఎంత అందమైనదైనను, ఎంత చౌకగా వచ్చినను స్వీకరింపరాదు. ఈ మూడును వేర్వేరు నియమములుగా తోచినను నిజమునకు ఒకదానినుండి ఒకటి పుట్టినవి. గుర్తెరుగనివాడు తాను కొన్నది ఏదియో, ఎచ్చటినుండి వచ్చినదో అడుగలేడు. అడుగనివాని వలననే దొంగకు వ్యాపారము సాగును.

ఇది ఊహామాత్రము కాదు. 2015లో శాస్త్రజ్ఞులు 1,478 కాక్టస్ జాతుల స్థితిని పరిశీలించి, వానిలో నూటికి 31 జాతులు అంతరించు ప్రమాదములో నున్నవని ప్రకటించిరి. పశువుల మేపు, వ్యవసాయము, కట్టడములు కొన్నింటిని హరించుచున్నవి. కాని ప్రమాదములోనున్న జాతులలో దాదాపు సగమునకు అలంకారమొక్కల వర్తకము, సేకరించువారి అభిలాష కూడ కారణములని తేలినది. అనగా వాటిని ద్వేషించువారివలన గాక, ప్రేమించుచున్నామని చెప్పుకొనువారివలన అవి నశించుచున్నవి. 2020లో ఇటలీ దేశమున ఒక ఇంటిలో రక్షకభటులు వెయ్యికి పైగా కాక్టస్ మొక్కలను పట్టుకొనిరి. అవి దక్షిణ అమెరికాలోని అటకామా ఎడారినుండి దొంగతనముగా పెరికి తెచ్చినవి. వానిలో కొన్ని నూరేండ్లకు పైబడిన వయస్సు గలవని నిపుణులు అంచనా వేసిరి. మరుసటి సంవత్సరము ఎనిమిది వందలకు పైగా మొక్కలను తిరిగి చిలీ దేశమునకు పంపిరి. ఒక మనుష్యుని జీవితకాలముకంటె ఎక్కువకాలము రాళ్ళనడుమ నిలిచిన ప్రాణిని ఒక నిమిషములో పెరుకవచ్చును. దానికి ఆ వయస్సును మరల ఇచ్చుట ఎవ్వరి తరమును కాదు.

చట్టములు లేకపోలేదు. అంతరించు ప్రమాదమున నున్న వన్యజాతుల వర్తకమును అదుపుచేయు అంతర్జాతీయ ఒడంబడికను 1973లో వాషింగ్టను నగరమున కుదుర్చుకొనిరి. అది 1975లో అమలులోనికి వచ్చినది. భారతదేశము 1976లో దానియందు చేరినది. కాక్టస్ కుటుంబము దాదాపు సంపూర్ణముగా ఆ ఒడంబడిక పరిధిలో నున్నది. నక్షత్రజెముడు అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేరినది. అమెరికా ప్రభుత్వము 1993లో దానిని ప్రమాదస్థితిలోనున్న జాతిగా ప్రకటించెను. అయినను సరిహద్దులలో నిలుచు అధికారి ప్రతి సంచిని విప్పి చూడలేడు. చట్టము చూడలేని చోట కొనువాని వివేకమే కావలి.

ఇక పెంచు విధమును తెలిసికొనవలెను. ఈ మొక్కకు విత్తనమే ఉత్తమమైన మార్గము. దాని విత్తనములు నల్లగోధుమ వన్నెతో, లోపల బోలుగానున్న టోపీని పోలియుండును. తాజా విత్తనములు వెచ్చదనము, తడి దొరకినచో సాధారణముగా వారములోపలనే మొలకెత్తును. ఉష్ణోగ్రత 25 నుండి 30 డిగ్రీల నడుమ ఉండుట మేలు. గండ్ర ఇసుక, ఇటుక చిన్నముక్కలు, కొద్దిగా మాగిన ఆకు ఎరువు కలిపి, దానిపై మరుగునీరు పోసి చల్లార్చి, అడుగున రంధ్రము గల కుండీలో నింపవలెను. విత్తనములను పైన పరచవలెనే గాని లోతుగా పూడ్చరాదు. కుండీని గాజుపలకతో కప్పి, ఎండ నేరుగా తగులని వెలుతురులో ఉంచవలెను. మొలకలు నిలదొక్కుకొనిన పిదప కప్పును దినదినము కొంచెము కొంచెముగా తొలగించి, గాలికి అలవాటు చేయవలెను.

పెరిగిన మొక్కకు నియమము వేరు. మట్టి పూర్తిగా ఆరిన తరువాతనే నీరు పోయవలెను; పోసినప్పుడు రంధ్రమునుండి కారునట్లు పోయవలెను; ఆ పిమ్మట మరల ఆరువరకు ఆగవలెను. శీతకాలమున నీటిని మిక్కిలి తగ్గింపవలెను. తెలుగునాట ఎండకంటె వానాకాలమే దీనికి పెద్ద పరీక్ష. దినముల తరబడి కురియు ముసురులో మొక్క అడుగునుండి కుళ్ళిపోవును. కావున వానకు తడియని పంచలో గాని, కప్పు క్రింద గాని ఉంచి, గాలి ఆడునట్లు చూడవలెను. వేసవిలో మధ్యాహ్నపు తీక్ష్ణమైన ఎండకు నేరుగా పెట్టరాదు. స్వదేశమునను అది పొదల నీడను ఆశ్రయించు మొక్కయే. దాహముచే మొక్క కొంచెము అణగినచో రోగమని భయపడి నీరు కుమ్మరింపరాదు. జెముళ్ళు దాహమువలనకంటె యజమానుని తొందరపాటువలననే ఎక్కువగా చచ్చును.

మొలకెత్తిన కొద్దివారములకు అది బఠాణీగింజకంటె చిన్నదిగా నుండును. పూయుటకు సాధారణముగా మూడు మొదలు ఐదు సంవత్సరములు పట్టును. పూసినను ఒంటరి మొక్క విత్తనమునీయదు. తన పుప్పొడిని తాను అంగీకరింపదు. రెండు మొక్కలు ఒకే దినమున పూసినప్పుడు, మెత్తని కుంచెతో ఒకదాని పుప్పొడిని వేరొకదానికి చేర్చవలెను. కావున ఒకే మొక్కను దాచుకొనువానికంటె, పది మొలకలను పెంచి పొరుగువారికి పంచువానికే విత్తనము దొరకు అవకాశము ఎక్కువ. లోభముతో పెంచిన మొక్క సంతానహీనమగును.

ఇచ్చట కొందరు ఒక ఆక్షేపణను లేవదీయుదురు. అడవిలో ఎద్దు త్రొక్కి, యంత్రము దున్ని నశింపజేయు మొక్కను ఇంటికి తెచ్చి కాపాడినచో తప్పేమని అడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. బంగారుబంతివలె గుండ్రముగా పెరిగి, ప్రపంచమంతట తోటలలో కనబడు పసుపుముళ్ళ కాక్టస్ కథ వారికి అనుకూలముగానే ఉన్నట్లు తోచును. దాని జన్మస్థానమైన మెక్సికోలోని లోయలో చాలభాగము 1990 తరువాతి దశాబ్దమున కట్టిన ఆనకట్ట నీటిలో మునిగినది. స్వస్థానమున అది ప్రమాదములో పడినను, తోటలలో విత్తనమునుండి పెరిగిన మొక్కలు లెక్కకు మిక్కిలిగా బ్రతికియున్నవి. అయితే ఈ కథ పెరికివేయుటను సమర్థించుట లేదు, విత్తనమును సమర్థించుచున్నది. మునుగబోవు నేలనుండి ప్రభుత్వానుమతితో, శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో మొక్కలను తరలించుట రక్షణము. మునుగని నేలనుండి రాత్రివేళ పెరికి అమ్ముట దొంగతనము. రెండవదానికి మొదటిదాని పేరు పెట్టుట తగదు.

ఇంకొక సంగతియు కలదు. తోటలోని మొక్క ఎడారిలోని మొక్కకు పూర్తిగా ప్రతినిధి కాజాలదు. నర్సరీలలో అమ్ముడగు నక్షత్రజెముళ్ళలో చాలభాగము దగ్గరి జాతులతో సంకరమైనవి, లేదా పెద్ద మచ్చలకొరకు ఎన్నుకొని పెంచినవి. సాధారణముగా ఐదు గట్లతో, తెల్లగా, కొంచెము ఎత్తుగా పెరుగు 'మిరియోస్టిగ్మా' అను దాని సోదరజాతితో కలిపిన సంకరములు ఎన్నో కలవు. అవి కంటికి ఇంపైనవే. కాని వాటిని తిరిగి ఎడారిలో నాటి, పోయిన జాతిని నిలబెట్టితిమని చెప్పుకొనుటకు వీలులేదు. పైగా ఎడారిలోని మొక్క తన పూవువలన తేనెటీగలను పోషించును, తన విత్తనములను ఆ నేలకే ఇచ్చును. ఇంటి కిటికీలోని మొక్క యజమానుని కన్నులను మాత్రమే పోషించును.

మరికొందరు వేరొక వాదము చేయుదురు: విత్తనమునుండి లక్షలకొలది మొక్కలను పెంచి చౌకగా అమ్మినచో, దొంగతనము దానంతటదే ఆగిపోవును గదా యని. ఇందు సత్యము కొంత కలదు. మొక్క మాత్రమే కోరువాడు చౌకగా దొరకినదానితో తృప్తిపడును. కాని కొందరు సేకర్తలు కోరునది మొక్కను కాదు, దాని అరుదుతనమును. ఎండకు కాలి, గాలికి అరిగి, గీతలుపడిన ముదురుమొక్కను వారు ఎక్కువ వెలకు కొందురు. కుండీలో నున్నగా పెరిగినదానిని చిన్నచూపు చూతురు. అట్టివారి అభిరుచి మారనిదే ఎన్ని లక్షల మొలకలను పెంచినను ఎడారికి శాంతి లేదు. నర్సరీలు చేయలేని ఈ పనిని విద్య చేయవలెను. తన చేతిలో మొలచి, తన కన్నులయెదుట ఐదేండ్లకు పూచిన మొక్కయే గొప్పదని బాల్యమున తెలిసినవాడు, పెద్దవాడైన పిదప పెరికి తెచ్చినదానికి వెల కట్టబోడు.

ఏ ఉపయోగమును లేని ఒక చిన్న మొక్క కొరకు ఇంత తపన యేల యని అడుగువారును కలరు. దానినుండి గొప్ప ఔషధము పుట్టునని వారికి ఆశ చూపనవసరము లేదు. అది కూడు పెట్టదు, గుడ్డ ఈయదు. అయినను నీరులేని నేలపై, నీడనిచ్చు పొదను ఆశ్రయించి, ఎవ్వరికిని హాని చేయక, ముల్లయినను ధరింపక బ్రతుకు ప్రాణి యది. బలవంతునికి ఉపయోగపడునది మాత్రమే బ్రతుకవలెనను నియమమును అంగీకరించినచో, ఆ నియమము మొక్కలవద్దనే ఆగుననుటకు హామీ లేదు.

ఈ పనికి పెద్ద తోటలు అక్కరలేదు. పాఠశాల వరండాలో ఎండపొడ తగులు మూల చాలును. భారతదేశమున కాలింపాంగ్ పట్టణపు నర్సరీలు కాక్టస్ మొక్కలకు పేరుపొందినవి. హర్యానా రాష్ట్రములోని పంచకులలో ఈ జాతి మొక్కలకే ప్రత్యేకించిన ఉద్యానవనము కలదు. దేశములోనే విత్తనమునుండి పెంచిన మొక్కలు దొరకుచుండగా, ఎక్కడివో తెలియనివాటిని కొనవలసిన అగత్యము లేదు. మొక్కను గాని, విత్తనమును గాని కొనునప్పుడు అది ఏ జాతిది, ఎవరు పెంచినది, విత్తనమునుండి పెరిగినదా, అంటుకట్టినదా యని అడుగవలెను. తలపై రంగుపూసి, కాగితపు పూలను జిగురుతో అతికించి అమ్ము మొక్కలను విడనాడవలెను. పరదేశపు జెముడు ఏదైనను కుండీలోనే ఉంచవలెను. విసుగుపుట్టినదని పొలము గట్టున పారవేయరాదు. నాగజెముడు నేర్పిన పాఠము ఒక్కసారి చాలును.

ప్రతి కుండీకి ఒక చిన్న రేకుముక్క గ్రుచ్చి, దానిపై మొక్క పేరు, విత్తిన తేదీ, విత్తనము వచ్చిన చోటు వ్రాయుట మంచి అలవాటు. పేరులేని మొక్క కొంతకాలమునకు ఏదియో ఒక ముళ్ళమొక్కగా మారిపోవును. పేరున్న మొక్కకు చరిత్ర యుండును. ఎనిమిదవ తరగతిలో విత్తిన విత్తనము, విత్తినవారు కళాశాలలో చేరు వేళకు పూయవచ్చును. అప్పుడు ఆ కుండీని చూచు చిన్న తరగతి విద్యార్థులు రేకుపైనున్న తేదీని చదివి, నడుమ గడచిన సంవత్సరములను లెక్కింతురు. పెరికి తెచ్చిన మొక్కపై వ్రాయుటకు అట్టి తేదీ యేదియు ఉండదు.